నేస్తరికం వంతెన

మొదటి రోజు, సోమవారం

బ్యాంకులో వంద నోట్లు రెండు కట్టలు అడిగితే కౌంటర్లో కుర్రాడు "బటవాడాకా మేడమ్?" అన్నాడు. పలాసలో జీడిపప్పు వ్యాపారి దగ్గర ఇరవై రెండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. కూలి డబ్బులకి చిన్న నోట్లు తేవడం నా పనే. "కాదు నాన్నా, నేపాల్ వెళ్తున్నా" అంటే నమ్మలేదు. నేపాల్లో మన డబ్బు నడుస్తుంది గానీ, నేను వెళ్లిన 2024లో వంద నోటు దాకానే. 2018 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం మన రెండు వందలు, ఐదు వందలు, రెండు వేల నోట్లు చెల్లవని చెప్పేసింది. అందుకని ఇరవై వేలూ వందలే. చీర మడతల్లో ఆ కట్టలు పెట్టాక నా బ్యాగు పెళ్లిలో చదివింపులు వేసుకొచ్చిన సంచిలా తయారైంది.

ఇది ఆరుగురం వెళ్లాల్సిన యాత్ర. కాశీబుగ్గలో మా వీధి ఆడవాళ్లం కలిసి పశుపతినాథుణ్ని చూసొద్దామని వేసవిలో అనుకున్నాం. ఒకావిడ కూతురికి పురుడు, ఇంకొకావిడకి మోకాలు, మరొకావిడకి ముందు ఊ అని తర్వాత మానేయడం అలవాటు. నవంబరుకి నేనొక్కర్తినే మిగిలాను. మా ఆయనకి రైల్లో మూడు గంటలు దాటితే నడుం పట్టేస్తుంది. "టికెట్లు తీసేశావు కదా, వెళ్లొచ్చీ" అన్నాడు. అమ్మే ఒప్పుకోలేదు.

"ఒక్కర్తివే ఎల్తావేటే? దేశం దాటీసి? అదీ ధనుర్మాసం పట్టిన రోజున?"

అమ్మ భయం ఊరికే రాలేదు. మా జిల్లాలో సరిహద్దు అనగానే గుర్తొచ్చేది ఒకటే. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకి వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారుల్ని సముద్రంలో గీత దాటారని పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయారు. ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం వాళ్లు అందులో చాలామంది. ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉండి, 2020 జనవరి 6న ఇరవై మంది వాఘా గేటు దాటి ఇవతలికి వచ్చారు. ఆ రోజు అమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు. "నీల మీద గీత ఎవుడికి కనిపిస్తాదే" అని ఒకటే మాట. అప్పట్నుంచి దేశం దాటడం అంటే ఆవిడకి తుపాకులు, ఇనప గేటు, ఇవతల ఏడుస్తూ నిలబడ్డ పెళ్లాం పిల్లలు.

నాకు ఇంకో సరదా ఉంది, ఎవరికీ చెప్పలేదు. 2016లో మా తమ్ముడు దుబాయ్ రమ్మంటే పాస్‌పోర్టు చేయించాను. వాడే ఆ ఏడాది తిరిగొచ్చేశాడు. పాస్‌పోర్టు బీరువాలో నా పట్టుచీరల కింద ఉండిపోయింది, ముప్ఫై ఆరు పేజీలూ ఖాళీగా. గడువు తీరిపోయేలోగా దాని మీద ఒక్క ముద్రైనా పడాలని నా కోరిక.

రైలెక్కి గంట తిరక్కుండానే ఇచ్చాపురం, అది దాటితే ఒడిశా. ఇది నేను పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ చూస్తున్న సరిహద్దు. అయినా ఎక్కడ మారుతుందో చూపించమంటే చూపించలేను. బోర్డుల మీద అక్షరాలు అవే గుండ్రాలు, దగ్గరికెళ్తే గానీ ఒరియా అని తెలీదు. బరంపురంలో టీ కుర్రాడు నా ముఖం చూసి తెలుగులోనే అడిగాడు. తర్వాత చిలికా సరస్సు, మధ్యాహ్నం నిద్ర, రాత్రికి హౌరా.

రెండో రోజు, మంగళవారం

హౌరా నుంచి రక్సౌల్ వెళ్లే మిథిలా ఎక్స్‌ప్రెస్ మధ్యాహ్నం ఉంది. ఈ దారి నాకు చెప్పింది మా వీధి గూర్ఖా. రాత్రిళ్లు ఈల వేస్తూ తిరిగి, నెలకోసారి ఇంటింటికీ వచ్చి డబ్బులు అడుగుతాడు చూడండి, ఆయనే. పదిహేనేళ్లుగా మా వీధికి కాపలా. ప్రతి రెండేళ్లకీ ఈ సరిహద్దు దాటి వెళ్తున్నాడు, వస్తున్నాడు. ఎలా వెళ్తావు, అక్కడ ఏమడుగుతారు అని నేను ఒక్కసారీ అడిగిన పాపాన పోలేదు. నేను వెళ్లాల్సి వచ్చాక అడిగితే గుమ్మం మెట్టు మీద కూర్చుని వేలితో నేల మీద గీసి చూపించాడు. రక్సౌల్, వంతెన, బీర్‌గంజ్, సుమో, ఖాట్మండు. "ఆధార్ నహీ, ఓటర్ కార్డ్" అని రెండుసార్లు చెప్పాడు. నిజమే, పెద్దవాళ్లకీ చిన్నపిల్లలకీ తప్ప మనలాంటివాళ్లకి అక్కడ ఆధార్ పనికిరాదు. ఓటరు కార్డో, పాస్‌పోర్టో ఉండాలి.

రాత్రి పదికల్లా కిటికీ బయట ఏమీ కనిపించలేదు. పొగమంచు.

మూడో రోజు, బుధవారం

పొద్దున్నే దిగాల్సిన రైలు మధ్యాహ్నానికి గానీ చేరలేదు. ఎదుటి బెర్తు పెద్దాయన "డిసెంబర్ హై" అని ఒక్కమాట అని మళ్లీ దుప్పటి కప్పుకున్నాడు. దారిలో సుగౌలి అనే స్టేషన్‌లో చాలాసేపు ఆగిపోయింది. పసుపు బోర్డు మంచులో సగమే కనిపిస్తోంది. పేరెక్కడో విన్నట్టుందే అనుకుంటే తర్వాత గుర్తొచ్చింది. నేను దాటబోయే గీత గీసింది ఇక్కడే. ఈస్టిండియా కంపెనీకీ గూర్ఖాలకీ యుద్ధం అయ్యాక 1815 డిసెంబరులో ఇక్కడ ఒప్పందం రాసుకున్నారు, మరుసటి ఏడాది మార్చిలో అది ఖాయమైంది. అంతకుముందు పడమట సట్లెజ్ దాకా, తూర్పున తీస్తా దాకా ఉన్న నేపాల్ ఆ కాగితంతో కుదించుకుపోయింది. అంత పని జరిగిన ఊరి ప్లాట్‌ఫారం మీద ఒక మేక, ఇద్దరు పల్లీలమ్మేవాళ్లు.

రక్సౌల్ ఊరు గురించి బాగుందని చెప్పలేను. దుమ్ము, హారన్లు, ఎంతకీ ఎత్తని రైల్వే గేటు. కానీ జట్కాలున్నాయి! మా చిన్నప్పుడు టెక్కలిలో ఎక్కిన తర్వాత జట్కా ఎక్కడమే లేదు. బీర్‌గంజ్ ఘంటాఘర్ దాకా రెండు వందలన్నాడు జట్కా ముసలాయన. ఎక్కాను. వాచీ చూసుకున్నాను, రెండూ పది. ఇక చూడాలి ఎలా ఉంటుందో అని చీర కొంగు బిగించి, పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని కూర్చున్నాను, పరీక్ష హాల్లోకి హాల్ టికెట్ పట్టుకుని వెళ్లే పిల్లలా.

మనవైపు సరిహద్దు కాసే ఎస్ఎస్‌బీ జవాన్లు నిలబడి ఉన్నారు. ఒకతను నా వైపు చూశాడు. పాస్‌పోర్టు చాపాను. అతను పాస్‌పోర్టు చూడలేదు, నా బ్యాగు చూశాడు, జట్కా ముసలాయన్ని చూశాడు, చెయ్యి ఊపాడు. గుర్రం కదిలింది.

కింద నది. సిర్సియా అంటారు, నీళ్లు నల్లగా, పైనుంచి వచ్చే ఫ్యాక్టరీల మురికితో. పైన వంతెన. మన వైపు దాన్ని మైత్రీ పుల్ అంటే నేపాల్ వాళ్లు మితేరీ పుల్ అంటారు. మీత్ అంటే ఉత్త స్నేహితుడు కాదని జట్కా ముసలాయన చెప్పాడు. ఇద్దరు మనుషులు పూజ చేసి, బట్టలు పెట్టుకుని, ఇవాళ్టి నుంచి మనం మీత్‌లం అని ఒప్పుకుంటారట. నాకు నవ్వొచ్చింది. ఇది మా నేస్తరికమే కదా! మా అమ్మకి సోంపేటలో ఒక నేస్తం ఉంది, పెళ్లి కాకముందు కట్టుకున్న నేస్తం. పేరు పెట్టి పిలుచుకోరు, "నేస్తం" అనే పిలుచుకుంటారు. పండక్కి ఒకరింటి నుంచి ఒకరింటికి చీర వెళ్లాల్సిందే. ఇంతకీ నేను నేస్తరికం వంతెన మీద దేశం దాటుతున్నానన్నమాట.

కానీ ఎక్కడ దాటాను? "గీత ఎక్కడుంది చాచా?" అని అడిగాను. పొలాల్లో అయితే రాళ్లుంటాయి, రాయికి ఇటు పది గజాలు అటు పది గజాలు దసగజా, అది ఎవరిదీ కాదు అన్నాడు. ఇక్కడో? అని అడిగితే కొరడా గాల్లో ఇటూ అటూ ఊపాడు. వంతెన మీద స్కూలు పిల్లలు సైకిళ్ల మీద వెళ్తున్నారు. ఒకావిడ ఉల్లిపాయల సంచి నెత్తిన పెట్టుకుని పోతోంది. పెళ్లికూతురిలా ముస్తాబైన ఒకమ్మాయి రిక్షాలో ఏడుస్తూ వెళ్తోంది, పక్కన కూర్చున్న కుర్రాడు ఫోన్ చూసుకుంటున్నాడు. దేశం దాటుతున్న ముఖం ఒక్కరికీ లేదు, నాకు తప్ప.

అవతల ఒడ్డున శంకరాచార్య ద్వారం. దాని దగ్గరే నేపాల్ ఇమిగ్రేషన్ ఆఫీసు. "ఆపు చాచా" అని దిగాను. లోపల సైకిల్ యాత్ర చేస్తున్న తెల్లవాళ్లు ఇద్దరు ఫారాలు నింపుతున్నారు. వాళ్లకి పదిహేను రోజుల వీసాకి ముప్ఫై డాలర్లు. నేను పాస్‌పోర్టు బల్ల మీద పెట్టాను.

"ఇండియన్?"

"అవునండీ."

"జానూస్, జానూస్." వెళ్లండి, వెళ్లండి అని.

"ముద్ర వెయ్యరా?"

ఆయన పెన్ను దించి నన్ను పరీక్షగా చూశాడు. ఇండియా వాళ్లకి ముద్ర లేదు, వీసా లేదు, ఎన్నాళ్లయినా ఉండొచ్చు అని హిందీలో చెప్పాడు. 1950 జులైలో రెండు దేశాలూ రాసుకున్న ఒప్పందం నుంచి వచ్చిన వెసులుబాటు ఇది. తెలుసు. అయినా ఒక్కటి వెయ్యండి, గుర్తుగా ఉంటుంది అని అడిగాను. తెల్లవాళ్లలో ఆడమనిషి నవ్వింది. ఆవిడ పాస్‌పోర్టులో ముద్రలు వెయ్యడానికి చోటు వెతుకుతున్నారు, నా దాంట్లో చోటు తప్ప ఏమీ లేదు. ఆయన పాస్‌పోర్టు మూసి, రెండు చేతులతో, చాలా మర్యాదగా తిరిగిచ్చేశాడు.

తర్వాత భన్సార్. అంటే కస్టమ్స్. అక్కడ మాత్రం బ్యాగు విప్పించారు. వంద నేపాలీ రూపాయలు దాటిన సరుకుకి సుంకం కట్టాలనే రూలు ఒకటి ఉందని, రక్సౌల్‌లో చీరా బియ్యం కొనుక్కెళ్లే ఆడవాళ్లకి దాంతో రోజూ తగువేనని ముసలాయన ముందే చెప్పాడు. నా బ్యాగులో కిలో జీడిపప్పు. పలాస మనిషి ఊరికి పోతూ జీడిపప్పు పట్టుకెళ్లకుండా ఉండదు, దారిలో ఎవరికైనా పెట్టడానికి. యూనిఫాం వేసుకున్న చిన్న వయసు అమ్మాయి ప్యాకెట్ తీసి "కాజూ?" అంది. అమ్మడానికా అని అడిగింది. కాదు, మా ఊళ్లో కాస్తుంది అన్నాను. ఒక గుండు తీసి వేళ్ల మధ్య తిప్పి చూసింది. అది టూ ఫార్టీ. అంటే పౌనుకి రెండు వందల నలభై గింజలు, మా షాపులో చేత్తో ఏరిన సరుకు, ఎక్కడా మచ్చ లేదు, విరగలేదు. కాల్చి, కొట్టి, పొర తీసి, గ్రేడు చేసే దాకా ఎంతమంది ఆడవాళ్ల చేతులు పడతాయో ఆ ఒక్క గుండు మీద. జీడి పాలకి మా వాళ్ల వేళ్లు నల్లబడి ఉంటాయి. ఆ అమ్మాయి వేళ్లు తెల్లగా, చలికి చివర్లు ఎర్రగా ఉన్నాయి. తినమన్నాను. డ్యూటీ అంది. వెనకాల కుర్చీలో ఉన్న పెద్దావిడ మాత్రం లేచొచ్చి నాలుగు తీసుకుని, జిప్పు తనే వేసింది.

ఘంటాఘర్ దగ్గర దిగి రెండు వంద నోట్లు ఇచ్చాను. నూట అరవై నేపాలీ రూపాయలు మన వందకి సమానం, 1993 నుంచి అదే లెక్క. కాబట్టి రెండు వందలు నేపాలీ అయితే మన నూట పాతిక. "చాచా, ఐసీనా ఎన్సీనా?" అని ఎక్కినప్పుడే అడగాల్సింది. ఇక్కడ ప్రతి బేరంలోనూ ముందు తేల్చుకోవాల్సిన మాట అది, ఐసీ మనది, ఎన్సీ వాళ్లది. ముసలాయన ఐసీ అన్నాడు, నోట్లు జేబులో పెట్టుకున్నాడు, గుర్రాన్ని తిప్పాడు. ఇరవై రెండేళ్లు లెక్కలు రాసినదాన్ని, డెబ్భై ఐదు రూపాయలు అక్కడ పోయింది.

లాడ్జి రిజిస్టర్లో తేదీ రాయబోతే కుర్రాడు ఆపాడు. వాళ్లకి అది 2081, పౌషమాసం. నా లెడ్జర్ కన్నా యాభై ఏడేళ్లు ముందున్నారు. పౌషం ఎప్పుడు మొదలైందంటే మొన్న సోమవారం అన్నాడు. ధనుర్మాసం పట్టిన రోజే! వాళ్ల నెలలు సంక్రమణాన్ని బట్టి నడుస్తాయి. ఏ రోజున బయల్దేరొద్దని అమ్మ గొడవ చేసిందో ఆ రోజే వీళ్లకి నెల మొదలు.

గడియారం మాత్రం పదిహేను నిమిషాలు ముందుకి తిప్పుకోవాలి. అదే నాకు మింగుడు పడలేదు. పటం మీద స్కేలు పెట్టి చూస్తే బీర్‌గంజ్ మా పలాసకి దాదాపు నిట్టనిలువునా ఉత్తరాన ఉంటుంది. నేరుగా పైకి వెళ్లే దారి లేక హౌరా చుట్టూ తిరిగొచ్చాను గానీ, ఇద్దరికీ సూర్యుడు నడినెత్తికి వచ్చేది ఇంచుమించు ఒకేసారి. 1986లో నేపాల్ గౌరీశంకర్ శిఖరం మీదుగా వెళ్లే రేఖని పట్టుకుని తన టైము తను పెట్టుకుంది.

డాబా మీదకి ఎక్కితే మన సిమ్‌కి ఒక గీత సిగ్నల్ వచ్చింది. అమ్మకి చేశాను.

"దాటీసేనమ్మా."

"అబద్ధాలాడకు. పక్కింట్లోంచి మాటాడినట్టే ఉంది."

నాలుగో రోజు, గురువారం

సుమోలో ముందు సీటు దొరికింది, డ్రైవరుకీ నాకూ మధ్య ఇంకొకతను. పథలయ్యా దాటాక అడవి, అమ్లేఖ్‌గంజ్, హెటౌడా. మన మోతీహారీ నుంచి అమ్లేఖ్‌గంజ్‌కి 69 కిలోమీటర్ల పైపు ఉంది, 2019 నుంచి డీజిల్ అందులోనే వస్తోంది. నన్నయినా కాసేపు ఆపారు, దానికి ఆ మాత్రం ఆపడం కూడా లేదు.

హెటౌడాలో టీకి ఆగినప్పుడు హోటలావిడకి కాస్త జీడిపప్పు పెట్టాను. ఎక్కణ్నుంచి దాటొచ్చావంటే వంతెన అన్నాను. ఆవిడ పొయ్యి వైపు చెయ్యి చూపించింది. 2015 సెప్టెంబరులో కొత్త రాజ్యాంగం వచ్చాక, అది మాకు అన్యాయం చేసిందని మధేశీలు, అంటే నేపాల్ దక్షిణాన మైదానాల్లో ఉండేవాళ్లు, ఆ వంతెన మీదే బైఠాయించారు. నెలల తరబడి లారీ కదల్లేదు, గ్యాసు లేదు, ఆ చలికాలమంతా ఈ హోటల్లో కట్టెల పొయ్యే. ఇండియానే ఆపిందని ఆవిడ కోపం, కాదు మా వాళ్లే కూర్చున్నారని సుమోలో నా పక్కనతను. ఇద్దరూ నేపాలీలో గట్టిగా వాదించుకున్నారు. నేను టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. మన దేశం గురించి ఇంకొకళ్లు తగువులాడుకుంటుంటే మధ్యలో ఉండటం నాకదే మొదటిసారి. దేశం దాటానని నాకు మొదటిసారి గట్టిగా అనిపించింది అక్కడే, సరిహద్దుకి యాభై అరవై కిలోమీటర్లు లోపలికొచ్చాక.

భీమ్‌ఫేదీ నుంచి కులేఖాని మీదుగా ఘాట్ రోడ్డు గురించి ఎక్కువ రాయను. పెద్ద బస్సులు పట్టని దారి. కళ్లు మూసుకున్నాను.

ఐదు, ఆరో రోజులు, ఖాట్మండు

పశుపతినాథ్ గుడికి పొద్దున్నే వెళ్లాను. పెద్ద బంగారు పూత నంది వెనక నుంచి నాలుగు తలుపులు, ఒక్కో తలుపులోంచి శివుడిది ఒక్కో ముఖం. తత్పురుషం, అఘోరం, సద్యోజాతం, వామదేవం. తూర్పు వాకిట్లో నిలబడగానే నాకు మా శ్రీముఖలింగమే గుర్తొచ్చింది. వంశధార ఒడ్డున మధుకేశ్వరుడు, ఇప్పమాను మొదట్లో వెలిశాడంటారు. ముఖమున్న లింగం కాబట్టే ఆ పేరు. మా అమ్మ ప్రతి శివరాత్రికీ వెళ్తుంది. అక్కడ ఒక్క ముఖం చూడ్డానికి తోసుకుంటారు, ఇక్కడ నాలుగున్నా తోపులాట అంతే ఉంది. ఇక్కడి పూజారులు, భట్టలంటారు, కర్ణాటక నుంచి వచ్చినవాళ్లు. పక్కనే బాగ్మతి ఒడ్డున చితులు కాలుతున్నాయి.

గుడి నుంచి వచ్చి అమ్మ ఇచ్చిన విభూతి పొట్లం విప్పితే అందులో నాలుగుగా మడిచిన ఐదు వందల నోట్లు, నాలుగు! ఏ నోట్లు చెల్లవో చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. ఆవిడ తలాడించి, నేను స్నానానికి వెళ్లినప్పుడు పొట్లంలో దోపింది. "అవసరానికుంటాయని" అంటుంది అడిగితే. అంటే మా అమ్మ, డెబ్భై నాలుగేళ్ల మనిషి, శివుడి విభూతిలో పెట్టి నాచేత స్మగ్లింగ్ చేయించింది. వాటిని ఇక్కడ మార్చలేను, పారెయ్యలేను. తిరిగి తీసుకెళ్తే ఎవరైనా చూస్తారేమోనని టెన్షన్. మళ్లీ విభూతిలోనే పెట్టాను.

లాడ్జిలో డబ్బు కట్టేటప్పుడు ఇంకో తమాషా. వాళ్ల గోడ మీద ఫోన్‌పే అని బోర్డు. మనదే కదా అని చూస్తే స్పెల్లింగ్ వేరు, కంపెనీ వేరు. అయితేనేం, 2024 మార్చి నుంచి మన యూపీఐతో ఆ కోడ్ స్కాన్ చేసి కట్టొచ్చు. లాడ్జి వైఫై పట్టుకుని నా ఫోన్‌పేతో వాళ్ల ఫోన్‌పేకి కట్టాను, ఐసీనా ఎన్సీనా అనే గొడవ లేకుండా లెక్క పైసలతో సహా సరిపోయింది. అప్పటికి వాళ్లకి శనివారం సెలవు, ఆదివారం పని ఉండేది. నా కాళ్లకి కూడా శనివారం సెలవిచ్చాను.

ఏడో రోజు, ఆదివారం

మళ్లీ సుమో, మళ్లీ కళ్లు మూసుకోవడం, బీర్‌గంజ్‌లో పడక.

ఎనిమిదో రోజు, సోమవారం

రైలు పొద్దున్నే కాబట్టి చీకటుండగానే బయల్దేరాను. ఈసారి రిక్షా, ఎక్కకముందే "ఎన్సీ" అని మూడుసార్లు అనిపించుకున్నాను.

వంతెనకి ఇవతల, నేపాల్ వైపున, చిన్న గది లాంటి బూత్ ముందు ఇద్దరాడవాళ్లు శాలువాలు కప్పుకుని నిలబడ్డారు. నా రిక్షా ముందు ఇంకో రిక్షా ఉంది. అందులో పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల అమ్మాయి, పక్కన నడివయసు మగాడు. ఆ శాలువాల ఆడవాళ్లిద్దరూ రిక్షా ఆపి అమ్మాయిని దింపి పక్కకి తీసుకెళ్లారు. ఎక్కడికి, ఎవరితో, ఏం పని, ఇంట్లో తెలుసా. మగాణ్ని వేరుగా నిలబెట్టి అవే ప్రశ్నలు. పని ఇప్పిస్తామని చెప్పి ఆడపిల్లల్ని అవతలికి తీసుకెళ్లి అమ్మేస్తున్నారని, ఇలా సరిహద్దుల్లో కాపలా కాసే సంస్థలున్నాయి. 1993లో అనురాధా కొయిరాలా మొదలుపెట్టిన మైతీ నేపాల్ పేరు అందులో ముందు చెప్తారు. మైతీ అంటే పుట్టిల్లు.

ఆ అమ్మాయి సమాధానాలు నాకు వినిపించలేదు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులోంచి కొత్త చెప్పుల జత కనిపిస్తోంది. కాళ్లకి మాత్రం పాతవే. మా రిక్షా వాడు పక్కనుంచి పోనిచ్చాడు. ఆ ఆడవాళ్లలో ఒకామె నా జుట్టులో నెరుపు చూసి, చెయ్యి కూడా ఎత్తకుండా వదిలేసింది. నేను వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను, మంచులో శాలువా రంగు తప్ప ఏమీ కనపడకుండా పోయే దాకా. ఆపేశారో, పంపారో తెలీదు.

మనవైపు ఈసారి ఆపారు. జవాను బ్యాగు తెరిచి చీరలు, స్వెట్టరు, ఖాళీ డబ్బా చూసి విభూతి పొట్లం చేతిలోకి తీసుకున్నాడు. గుండె గొంతులోకొచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లకద్దుకుని, తిరిగి పెట్టేశాడు. తర్వాత కార్డు అడిగాడు. ఓటరు కార్డు తిరగేసి "శ్రీకాకుళం!" అన్నాడు, మన ఊరు పేరు అంత స్పష్టంగా ఆ చలిలో వింటే ప్రాణం లేచొచ్చింది. మా యూనిట్‌లో శ్రీకాకుళం వాడొకడున్నాడు, మీరు మాట్లాడాలి అని వెనక్కి తిరిగి ఎవరినో కేకేశాడు. లోపల్నుంచి సమాధానం వచ్చింది. ఆ మన కుర్రాడు నిన్ననే సెలవు మీద ఊరెళ్లాడట. నేను సుమోలో దిగుతున్న రోజే అతను రైలెక్కి ఉంటాడు.

మిగిలిన పిడికెడు జీడిపప్పు ఆ జవానుకి ఇచ్చేశాను. వాచీ వెనక్కి తిప్పుకోవడం మర్చిపోయాను.

తొమ్మిదో రోజు, మంగళవారం

హౌరాలో రైలు మారేసరికి తెల్లారింది. ఈసారి ఇచ్చాపురం దగ్గర మెలకువగా ఉండి, ఒరియా ఎక్కడ ఆగి తెలుగు ఎక్కడ మొదలవుతుందో చూద్దామనుకున్నాను. బరంపురం దాకా బాగానే కూర్చున్నాను. తర్వాత కన్ను మూతపడింది.

ఎవరో భుజం దగ్గర అరుస్తున్నారు. "పలాస జీడిపప్పు, గుండు జీడిపప్పు, టూ ఫార్టీ!" కుర్రాడు, మెడలో సంచి, చేతిలో పావుకిలో ప్యాకెట్లు.

"ఇచ్చాపురం దాటిపోయిందా నాన్నా?"

"ఎప్పుడో దాటీసింది. ఒకటి తీసుకోండమ్మా, ఊరికి పట్టుకెళ్లండి."

ప్యాకెట్ తీసుకుని లైటుకి ఎత్తి చూశాను. "ఇది టూ ఫార్టీ ఏటి? త్రీ ట్వంటీ. అందులోనూ సగం బద్దలు."

వాడు నన్ను, నా బ్యాగునీ ఎగాదిగా చూసి, ప్యాకెట్ లాక్కున్నాడు. "ఊరోళ్లని ముందే చెప్పొచ్చు కదమ్మా" అంటూ పక్క బెర్తు దగ్గరికి పోయాడు.